రొట్టెల పొయ్యిలో రేసు కారు రెక్క

మొదిల్యానా,
1989 ఫిబ్రవరి 12.

ఒరేయ్ నేరియో,

నిన్న మీ కారుకు డబ్బు పెట్టే బెర్తినెల్లి గారు వచ్చి వెళ్ళారు. ఒంటిమీద ఒంటె రంగు కోటు, చేతులకు తోలు తొడుగులు, వెనక ఇద్దరు గుమాస్తాలు. నా దుకాణంలోకి అడుగుపెట్టి, పొయ్యి ముందు నిలబడి నవ్వాడురా! పడీ పడీ నవ్వాడు. "అమ్మా, మన రేసు కారు రెక్కలు నిజంగా ఇందులోనే తయారవుతున్నాయా? నేరియో వేళాకోళం ఆడుతున్నాడనుకున్నానే!" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ స్నానాల తొట్లు ఎక్కడ చేస్తారండీ, చర్చిలోనా?" అన్నాను. గుమాస్తాలిద్దరూ నేల చూపులు చూశారు.

అంటే నువ్వు అతనికి సరిగ్గా చెప్పనే లేదన్నమాట. అతని తొట్ల గోదాము వెనక గదిలో మీ పదకొండు మంది జట్టుకూ చోటిచ్చాడని, కారు మీద తొట్టె బొమ్మ వేయించుకున్నాడని, అతని ముందు నీకు అక్క పొయ్యి గురించి చెప్పుకోవడం నామోషీ అయిందా? పెద్ద జట్ల దగ్గర రైలు పెట్టె అంతటి ఇనప కొలిమి ఉంటుందట. మీకు లేదు. ఉన్నది నాన్న కట్టిన ఈ ఇటుకల పొయ్యి. పొద్దున రొట్టెలు దిగిపోయాక, మధ్యాహ్నానికి దీని వేడి నూట ఇరవై డిగ్రీలకు వస్తుంది. అప్పుడు నువ్వు పంపే అచ్చుల్ని, జిగురు పట్టించిన ఆ నల్ల కార్బను గుడ్డతో సహా సంచిలో పెట్టి, పాలు పితికే యంత్రం పంపుతో గాలి లాగేసి, రెండు గంటలు లోపల ఉంచుతాను. ముందు ఇటుకల మీద చిటికెడు పిండి చల్లి చూస్తాను. పిండి రంగు మారిందంటే ఇంకా వేడెక్కువ ఉందని ఆగుతాను. మూడేళ్ళయింది. ఒక్క ముక్క మాడిందా? ఒక్కటి ఉబ్బిందా? చెప్పు!

ఈసారి నాకో షరతు ఉంది. వెనక రెక్కను నిలబెట్టే కాడ ఉంటుందే, దాని మీద 'గౌదెన్సి రొట్టెల పొయ్యి, మొదిల్యానా' అని రాయించాలి. అక్షరాలు చిన్నవైనా ఫరవాలేదు. కానీ కనబడాలి. లేకపోతే మీ లారీ డ్రైవరు సెత్తీమియో ఈసారి అచ్చులు తెస్తే వాటిలో పిండి వేసి కేకులు చేసి పంపిస్తాను.

ఇదంతా నీ తొట్ల ఆయన కోసం చెయ్యడం లేదు. ఆ కారులో కూర్చునేది నా చిన్ననాటి స్నేహితురాలు దెసొలీనా కొడుకు ఇవానో. పళ్ళు వచ్చిన రోజు నుంచీ నా రొట్టె తిన్న పిల్లాడు. వాడి వీపు వెనక ఉండే రెక్కను నేను కాకుండా ఇంకెవరో కాలిస్తే నాకు నిద్ర పట్టదు.

కోపంగా,
మీ అక్క జెలిందా.


రియో,
మార్చి 25.

అక్కా,

నీ పేరు రాయించాను. తెల్లటి అక్షరాలు, కాడకు రెండు వైపులా. బెర్తినెల్లి గారు మొహం చిట్లించాడు, నేను చూడనట్టు ఊరుకున్నాను. ఇవానో మాత్రం కారెక్కే ముందు ఆ పేరు మీద ఒక్క చరుపు చరిచి ఎక్కుతున్నాడు.

ఇక్కడి అన్యాయం చెబితే నమ్మవు. కార్లు ఎక్కువయ్యాయని మాలాంటి చిన్న జట్లకు ఒక వడపోత పెట్టారు. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి, సరిగ్గా ఒక్క గంట. పదమూడు కార్లు దిగుతాయి. మొదటి నాలుగూ లోపలికి, మిగతా తొమ్మిదీ ఇంటికి. పొలం దున్నినట్టు రోడ్డంతా దుమ్ముతో ఉంటుంది, ఇంకా ఎవరూ తిరగలేదు కదా. ఆ దుమ్ము మా టైర్లతో తుడిపించుకుని, తొమ్మిదిన్నరకు పెద్దవాళ్ళు కళ్ళు నులుముకుంటూ వచ్చి శుభ్రమైన రోడ్డు మీద పరిగెడతారు!

మేము ఐదో స్థానం. నాలుగో వాడికీ మాకూ తేడా రెప్పపాటు కూడా లేదు. ప్రేక్షకులు కాఫీ తాగి వచ్చేసరికి మా కారు పెట్టెలో ఉంది. పదివేల కిలోమీటర్లు వచ్చింది ఈ గంట కోసం.

అన్నిటికన్నా కడుపు మండేదేమిటో తెలుసా? మధ్యాహ్నం భోజనానికి మాత్రం అందరూ మన గుడారానికే వస్తారు. పులుసులో ఉడికించిన మన మాంసం కూరిన పిండి పొట్లాలంటే ఆ ఇంగ్లిషు వాళ్ళకు ప్రాణం. కడుపు నిండా తిని, "అయ్యో, పాపం మీకు ఈసారీ కాలేదా" అని నా భుజం తడుతున్నారు. ఒకడి పళ్ళెం లాగేసుకుందామనిపించింది. సెత్తీమియో ఆపాడు.

నీ తమ్ముడు,
నేరియో.


మొదిల్యానా,
ఏప్రిల్ 26.

నేరియో,

ఇమొలా పందెం దగ్గర నీ మొహం చూశాక అక్కడ ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు అంటున్నాను.

మన ఊరి నుంచి రెండు బస్సులు. ఒకటి కమ్యూనిస్టు క్లబ్బుది, ఒకటి రిపబ్లికన్ క్లబ్బుది. నలభై ఏళ్ళుగా ఒకరి బారులో ఒకరు కాఫీ తాగని వాళ్ళు, ఇవానో కోసం ఒకే వరసలో బయల్దేరారు. సీసాల నిండా ఎర్ర ద్రాక్షసారా, బుట్టల నిండా రొట్టెలు. దెసొలీనా కొత్త గౌను కుట్టించుకుంది. దారిలో ఆలస్యమై, శుక్రవారం తొమ్మిదిన్నరకు అక్కడ దిగితే ఏముంది? సెత్తీమియో కారును లారీ ఎక్కిస్తున్నాడు! "అయిపోయిందా?" అని దెసొలీనా అడిగింది. "అయిపోయిందమ్మా" అన్నాడు. ఆవిడ కొత్త గౌనులో బస్సు మెట్ల మీద కూలబడిపోయింది.

ఎవరు పెట్టారురా ఈ వడపోత? వాళ్ళను నా ముందుకు తీసుకురా. ఎనిమిదింటికి పందెం పెట్టి తొమ్మిదింటికి పొమ్మనేవాళ్ళు అసలు టికెట్లు ఎందుకు అమ్మాలి?

ఇవానో మాత్రం నవ్వుతూ మా బస్సులోకి వచ్చి అందరితో తిన్నాడు. "అత్తా, రెక్క రాయిలా ఉంది, మలుపులో కారు ఇంత కూడా జారలేదు. ఇంజనే ముసలిది" అన్నాడు. ఆ మాట నాకు చాలు. నువ్వు ఆ ముసలి ఇంజను సంగతి చూడు.

జెలిందా.


మొనాకో,
మే 7, సాయంత్రం.

అక్కా! అక్కా!

ఆరో స్థానం! మన కారు, మన ఇవానో, ఆరో స్థానం!

గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు. ఇక్కడ వడపోత గురువారమే పెట్టారు, అందులో మూడో స్థానం వచ్చింది. పందెంలో ఇరవై ఆరు కార్లలో చివరి వరస నుంచి మొదలయ్యాడు. ఇక్కడ ఇంజను బలం కన్నా చేతి పనితనం ముఖ్యం. ముందున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే గోడలకు తగిలించుకున్నారు. మనవాడు గోడకు ఇంత దూరంలో, పొయ్యిలో రొట్టె తోసినంత మెత్తగా తోసుకుపోయాడు. చివరి పది చుట్లూ నేను చూడలేదు. లారీ వెనక కూర్చుని చెవులు మూసుకున్నాను. సెత్తీమియో వచ్చి నా టోపీ లాగి విసిరాక తెలిసింది.

ఆరో స్థానానికి ఒక్క పాయింటు. ఒక్కటే అనకు. ఈ పాయింటుతో జులై నుంచి మాకు వడపోత లేదు! శుక్రవారం పెద్దవాళ్ళతో పాటే లేస్తాం, వాళ్ళతో పాటే దిగుతాం.

మన గుడారంలో తిన్న ఇంగ్లిషు వాళ్ళంతా వచ్చి చేతులు కలిపారు. వాళ్ళలో ఒక పెద్దాయన రెక్క కాడను వేలితో కొట్టి చూసి, "ఎక్కడ చేయించారు?" అని అడిగాడు. పేరు చూపించాను. రొట్టెల పొయ్యి అంటే నమ్మలేదు. ఒట్టు పెట్టాను.

బెర్తినెల్లి గారు నన్ను రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకున్నాడు. నాకు అతని మీదున్న కోపమంతా పోయింది.

నేరియో.


మొదిల్యానా,
జులై 4.

నేరియో,

మే నెలలో నువ్వు రాసిన ఉత్తరం కమ్యూనిస్టుల క్లబ్బులో ఒకసారి, రిపబ్లికన్ల క్లబ్బులో ఒకసారి చదివించారు. పాదిరి గారు గంట కొట్టించాడు, తర్వాత ఎందుకు కొట్టించావని బిషప్పు గారితో చీవాట్లు తిన్నాడు. ఆ నెలంతా పక్క ఊళ్ళ వాళ్ళు కూడా నా దగ్గరే రొట్టె కొన్నారు. 'రెక్క పొయ్యి రొట్టె' అని పేరు. చెప్పొద్దూ, గర్వంగానే ఉంది. నలభై ఏళ్ళు చెక్క పార పట్టిన చేతులకు ఎవడైనా మెచ్చుకుంటే బాగానే ఉంటుంది.

అదలా ఉంచు. నిన్నటి పత్రికలో మన కారు ఫోటో పడింది. భూతద్దం పెట్టి చూశాను. కాడ మీద నా పేరు ఏది? ఆ చోట ఇంత పొడుగు రేకు పలక, దాని మీద స్నానాల తొట్టె బొమ్మ! నా పేరు దాని కింద పడిందా? ఎవడు పెట్టమన్నాడు? నువ్వు ఎలా ఒప్పుకున్నావు? కారంతా తొట్లే కదరా! ముక్కు మీద తొట్టె, పక్కన తొట్టె, పాపం ఇవానో నెత్తి మీద టోపీకి కూడా తొట్టె. నాకున్న జానెడు చోటు కూడా ఆయనకే కావాలా?

జవాబు రాయి. ఫోన్లో అయితే లైను బాగాలేదని తప్పించుకుంటావు.

జెలిందా.


సిల్వర్‌స్టోన్,
జులై 14.

అక్కా,

కోప్పడకు. టీవీ కెమెరా ఎక్కువగా వెనక రెక్క మీదే ఉంటుందట, అక్కడ పలక ఉంటే మంచిదని బెర్తినెల్లి గారు పట్టుబట్టాడు. వద్దంటే కొత్త ఇంజను లేదన్నాడు. చిన్న పలకే, రెండు మరలతో బిగించాను. నీ పేరు దాని కింద అలాగే ఉంది, చెరపలేదు.

ఆగస్టు ఇరవైన మిజానోలో ఒక రోజు కారు తిప్పి చూపించాలి. పందెం కాదు. ఇటలీలో ఉన్న తొట్ల దుకాణదారులందరినీ పిలుస్తున్నాడు. సముద్రంలో స్నానాలు, భోజనాలు, మధ్యలో మన కారు. ఇవానోకు ఇష్టం లేదు. "నేను సర్కసు ఎలుగుబంటినా?" అన్నాడు. నచ్చజెప్పాను.

నువ్వూ రా. మంచి కుర్చీ వేయిస్తాను.

నేరియో.


మొదిల్యానా,
ఆగస్టు 29.

తమ్ముడూ,

ఇవాళ్టికి తొమ్మిది రోజులు. కళ్ళు మూస్తే అదే కనబడుతోంది. గొడుగుల కింద తొట్ల వాళ్ళు ఐస్‌క్రీములు తింటున్నారు. మన కారు అంత వేగంగా వస్తోంది. వెనక రెక్క ఒక్కసారి పక్కకు ఒరిగి గాలిలోకి లేచింది. తర్వాత కారు దాని దారిన అది వెళ్ళిపోయింది, గోడలోకి. ఆ చప్పుడుకు తొట్ల వాళ్ళలో ఎవరో చప్పట్లు కొట్టాడు, వేడుకలో భాగమనుకుని. దేవుడా!

దెసొలీనా ఆసుపత్రి దగ్గరే ఉంటోంది. ఇవానో కుడికాలు బతికింది, ఎడమకాలు ఉంచుతారో తీసేస్తారో తెలియదు. నన్ను ఎవరూ రమ్మనలేదు, వెళ్ళడానికి నాకూ ధైర్యం చాలలేదు. ఎందుకో నీకు తెలుసు. మొన్నటి పత్రిక చూశావు కదా. విరిగిన కాడ ఫోటో, దాని మీద 'గౌదెన్సి రొట్టె' వరకు నా పేరు, మిగతా సగం లేదు. కింద ఏం రాశారు? 'రెక్కను రొట్టెల పొయ్యిలో తయారుచేశారనీ, ఉష్ణోగ్రత కొలిచే సాధనం కూడా లేదనీ, లోపం అక్కడే జరిగిందని భావిస్తున్నామనీ జట్టు తెలిపింది.'

జట్టు అంటే ఎవర్రా? నువ్వా?

నేను దెబ్బలాడ్డానికి అడగడం లేదు. ఆ ముక్క కాల్చింది మార్చి పదిన. ఆ రోజు పిండి చల్లానా? చల్లాను. రంగు మారిందా? లేదు. లేదనే అనుకుంటున్నాను. రోజుకు పదిసార్లు గుర్తు తెచ్చుకుంటున్నాను, తెచ్చుకున్నకొద్దీ చెదిరిపోతోంది. ఆ మధ్యాహ్నం పిండి వాడు వచ్చి మాట్లాడించాడు. అప్పుడేమైనా ఆలస్యం చేశానా?

నాకు నిజం చెప్పు. నా పొయ్యి వల్లేనా? అవునంటే అవునను. నువ్వు చెప్పిందే నమ్ముతాను.

జెలిందా.


మోంజా,
సెప్టెంబరు 9.

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. నిన్ను నువ్వు ఇలా తినెయ్యకు. ఎవరు మాత్రం కచ్చితంగా చెప్పగలరు? పాత ఇటుక పొయ్యి కదా, ఒక మూల వేడి, ఒక మూల చల్లన ఉండొచ్చు. నీ తప్పని ఎవరూ అనడం లేదు. నీకు ఏ శిక్షా పడదు, వకీలు గారు చెప్పారు. వయసైన మనిషి, మంచి మనసుతో సాయం చేసింది, అంతే అంటారు.

ఆ వకీలు గారు వచ్చే వారం నీ దగ్గరకు ఒక కాగితం తెస్తారు. పొయ్యిలో వేడి కొలిచే సాధనం లేదు, చేతి అంచనాతో చేశాను అని ఉంటుంది. అది నిజమే కదా. సంతకం పెట్టెయ్యి. రిమిని దర్యాప్తు అధికారికి అది ఇస్తే విషయం ముగిసిపోతుంది, జట్టు నిలబడుతుంది. పదకొండు మంది పొట్టలు అక్కా.

ఇవానో బదులు బెర్తినెల్లి గారి మేనల్లుడు నడుపుతున్నాడు. వాడి గురించి ఏం రాయను? కారు ఎక్కడానికే మెట్లు కావాలి వాడికి. మళ్ళీ అందరికన్నా వెనక పడ్డాం.

ఆరోగ్యం జాగ్రత్త.

నేరియో.


మొదిల్యానా,
సెప్టెంబరు 21.

తమ్ముడూ,

సంతకం పెట్టాను. నువ్వు పెట్టమన్నావు గనక పెట్టాను. వకీలు నా కలం కూడా తీసుకోలేదు, తన బంగారు కలం ఇచ్చాడు.

అది పెట్టాక నేరుగా దెసొలీనా ఇంటికి వెళ్ళాను. ఇవానోను తీసుకొచ్చారని తెలిసింది. కాలు ఉంచారట, కానీ మోకాలు వంగదట. తలుపు దెసొలీనాయే తీసింది. "క్షమించు" అనబోయాను. ఆవిడ నా చేతుల వంక చూసింది. "ఈ చేతుల రొట్టె నా బిడ్డకు తినిపించాను" అంది. తలుపు వేసేసింది. గట్టిగా కూడా వెయ్యలేదు. గట్టిగా వేసినా బాగుండేది. నలభై ఏళ్ళ స్నేహం నేరియో, ఇద్దరం ఒకే రోజు చదువు మానేశాం.

పొయ్యి వెలిగించడం మానేశాను. ప్రమాదం జరిగిన రోజు నుంచీ వెలిగించలేదు. అడిగేవాళ్ళూ లేరు, జనం ఫాయెంజా నుంచి వ్యాను మీద వచ్చే రొట్టె కొంటున్నారు. పొద్దున అలవాటుగా లేస్తాను, చల్లటి ఇటుకల ముందు కూర్చుంటాను. పిండి పిసకాలంటే భయం వేస్తోంది. ఇంకా ఎవరికి ఏం చేస్తానో అని.

నీ జట్టు నిలబడితే అదే చాలు.

జెలిందా.


హెరెస్, స్పెయిన్,
అక్టోబరు 1.

అక్కా,

జట్టు లేదు. నిన్న మేనల్లుడు అందరికన్నా చివర వచ్చాడు. బెర్తినెల్లి గారు ఫోన్లో రెండు నిమిషాలు మాట్లాడి సరుకు సర్దెయ్యమన్నాడు. వచ్చే ఏడు ఆయన సైకిలు పందేలకు వెళ్తాడట. లారీని ఇక్కడే ఎవడికో అమ్మేశాడు. సెత్తీమియో తాళాలు ఇచ్చేటప్పుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మేమంతా రైల్లో వస్తున్నాం.

ఇప్పుడు నీకు ఒక మాట చెప్పాలి. చదివాక ఈ ఉత్తరం పొయ్యిలో పడెయ్యి.

నీ పొయ్యి తప్పేమీ లేదు. రెక్క నీ పొయ్యిలో కాలింది కనకే మొనాకోలో నిలబడింది. తప్పు ఆ పలకది. నాది. ముప్ఫై ఏళ్ళు అల్యూమినియం రేకు కొట్టినవాణ్ణి నేను. రేకుకు ఏదన్నా బిగించాలంటే ఎక్కడంటే అక్కడ రంధ్రం వేసి మర తిప్పేస్తాం. ఆ పలకకు కూడా ఆలోచించకుండా డ్రిల్లు పెట్టాను. కాడ నడుమున రెండు రంధ్రాలు, సరిగ్గా నీ పేరు మీద. నల్ల గుడ్డకు అలా వెయ్యకూడదు. లోపలి పోగులు తెగిపోతాయి. బలమంతా ఆ పోగుల్లోనే ఉంది. సిల్వర్‌స్టోన్ తర్వాత రంధ్రాల దగ్గర వెంట్రుకంత బీట కనబడింది. జిగురు రాసి, పైన రంగు వేశాను. మిజానోకు ఇంకో రెక్క లేదు. పలక తీసేస్తానన్నాను. "ఆ రోజే కదయ్యా దుకాణదారులు చూసేది!" అన్నాడు బెర్తినెల్లి. ఇవానోకు చెప్పలేదు.

విరిగింది ఆ రంధ్రాల దగ్గరే. పలకను ఆ సాయంత్రమే బెర్తినెల్లి మనుషులు తీయించేశారు. పొయ్యి మీదకు తోద్దామన్న ఆలోచన వకీలుది. "ముసలావిణ్ణి ఎవరూ ఏమీ చెయ్యరు" అన్నాడు. నేను కాదనలేకపోయాను. కాదంటే జట్టు ఆ రోజే పోయేది.

జనవరి నుంచి ఇంగ్లండులో ఒక పెద్ద జట్టు నన్ను రమ్మంది. ఇది బయటపడితే వాళ్ళు రానివ్వరు. నీ మనసు తేలికపడాలనే రాశాను. ఇక ఆ విషయం మర్చిపో. పొయ్యి వెలిగించుకో.

నీ తమ్ముడు,
నేరియో.


మొదిల్యానా,
అక్టోబరు 18.

శ్రీ నేరియో గౌదెన్సి గారికి,

ఉత్తరం అందింది. మొదటిసారి నిలబడి చదివాను. రెండోసారి కూర్చోవలసి వచ్చింది.

పొయ్యిలో పడెయ్యమన్నావు. నా పొయ్యి ఆగస్టు నుంచి చల్లగా ఉంది కదా, ఏ నిప్పులో పడెయ్యను?

నువ్వు రంధ్రాలు వేశావు. బట్ట కత్తిరించే ఏ ఆడదాన్ని అడిగినా చెప్పేది, నేతలో పోగు తెంపితే అక్కడి నుంచే చిరుగుతుందని. నువ్వు అడగలేదు. సరే, తెలియక చేశావు, తెలియక చేసినదాన్ని నేను క్షమించేదాన్ని. బీట చూసి రంగు పూశావే, దానికి క్షమాపణ నా చేతుల్లో లేదు, ఇవానో చేతుల్లో ఉంది. కానీ ఆ తర్వాతది నాది. అది నేను అడుగుతాను.

నా పొయ్యి వల్లేనా అని నేను నీకు రాశాను. నువ్వు చెప్పిందే నమ్ముతానని రాశాను. నువ్వు నాకు ఏం రాశావు? 'ఒక మూల వేడి, ఒక మూల చల్లన!' నాన్న పొయ్యి గురించి, నాన్న కొడుకువి, ఆ అబద్ధం ఎలా రాయగలిగావురా? నా చేత సంతకం పెట్టించావు. దెసొలీనా నా మొహాన తలుపు వేసిందని రాస్తే, అది చదివి కూడా పది రోజులు నోరు మూసుకున్నావు. ఎప్పుడు తెరిచావు? జట్టు పోయాక. బెర్తినెల్లి పోయాక. నిజం చెప్పినా నీకు ఇక పోయేదేమీ లేదన్నప్పుడు. అప్పుడు కూడా నాకు ఒక్కదానికి, చెవిలో చెప్పినట్టు! నా మనసు తేలికపడాలనా? నీది తేలికపడాలని!

పదకొండు మంది పొట్టలన్నావు. పన్నెండోదాన్ని నేను కానా? నేను ముసలిదాన్ని గనక ఎవరూ ఏమీ చెయ్యరా? చేశారురా. ఇప్పటికి యాభై తొమ్మిది రోజులు నాకు నేనే శిక్ష వేసుకున్నాను.

నీ ఉత్తరం రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి దుకాణం అద్దానికి లోపలి వైపు నుంచి అంటించాను, రాత బయటికి కనబడేలా. మొన్న శనివారం, సంత రోజు. ముందు కమ్యూనిస్టులు వచ్చారు, తర్వాత రిపబ్లికన్లు. కళ్ళు కనపడని వాళ్ళకు పోస్టుమాను పైకి చదివి వినిపించాడు. నీ గొంతును అనుకరించి మరీ చదివాడు, వద్దన్నాను. ఒకరిద్దరు నాకు నమస్కారం పెట్టి, రొట్టె ఎప్పుడు మొదలెడతావని అడిగారు. వ్యాను రొట్టె బాగానే ఉందిగా అన్నాను.

దెసొలీనా కూడా వచ్చింది. ఇంట్లో చెప్పులతోనే వచ్చింది. చివరి అక్షరం దాకా చదివి వెళ్ళిపోయింది. నేనూ పిలవలేదు.

రిమినిలో దర్యాప్తు అధికారి సోమవారం తొమ్మిదింటికి కూర్చుంటాడట. మొదటి బస్సులో వెళ్తున్నాను, నా సంతకం వెనక్కి తీసుకోవడానికి. ఆ లోపల నువ్వే వచ్చి, నీ నోటితో చెబితే, నేను గుమ్మం బయట నిలబడతాను. రాకపోతే అద్దం మీద కాగితాలు ఊడదీసి నేనే ఇస్తాను. ఇంగ్లండు వాళ్ళు రానిస్తారో లేదో నాకు అనవసరం.

నిన్న పొద్దున అద్దం అవతల ఎవరో ఆగితే మళ్ళీ చదివేవాళ్ళనుకున్నాను. ఇవానో. రెండు చంకల్లో కర్రలు, సగం బరువు తగ్గిపోయాడు. నుదురు అద్దానికి ఆనించి మొత్తం చదివాడు. రంధ్రాల దగ్గరకు వచ్చినప్పుడు కాసేపు ఆగాడు. తర్వాత కర్రతో తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

"అత్తా, కిలో రొట్టె ఇవ్వు" అన్నాడు.

"లేదు నాయనా. పొయ్యి వెలిగించి రెండు నెలలు కావస్తోంది" అన్నాను.

"నాకేం తొందర లేదు. ఇప్పుడు నేనెక్కడికి పరిగెత్తాలి?" అని కుర్చీ లాక్కుని, ఆ వంగని కాలు ఎదురుగా బస్తా మీద చాపుకుని కూర్చున్నాడు.

కట్టెలు తేవడానికి వెనక్కి వెళ్ళాను. అక్కడే కొంచెంసేపు ఏడ్చాను, వాడికి వినబడకుండా. చల్లారిపోయిన పొయ్యి వేడెక్కడానికి చాలాసేపు పట్టింది. పిండి పులియడానికి ఇంకా ఎక్కువ పట్టింది. మొదటి రొట్టె దిగేసరికి చీకటి పడింది. వాడు అప్పటిదాకా కూర్చునే ఉన్నాడు.

జెలిందా గౌదెన్సి.